బుగులు వేరు, రంది వేరు

పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయంటే మా ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామి గుడికి కొత్త భక్తులు వస్తారు. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి ఏడాది పొడుగునా వచ్చేవాళ్ల సంగతి కాదు, మన మండలం పిల్లల సంగతి. చేతిలో కొబ్బరికాయ, దాని కింద హాల్‌టికెట్టు, జేబులో రెండు కొత్త పెన్నులు. స్వామి ముందు పెట్టించి, బొట్టు పెట్టుకుని, హాల్‌టికెట్టును మళ్లీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకుంటారు.

మొన్న మార్చిలో అమృతగుండం మెట్ల దగ్గర మా వాడకట్టు పిల్ల ఒకతె కనబడింది. పలకరిస్తూ చెయ్యి పట్టుకున్నాను. బయట ఎండ మండుతోంది. ఆ చెయ్యి మాత్రం అప్పుడే బావిలోంచి తీసిన చెంబులా చల్లగా ఉంది.

"పొద్దటి సంది ఏం తింటలేదు సారూ. కడుపుల తిప్పుతుందంటది. అన్నీ సదివింది, మరి గంత బుగులెందుకు?" అన్నది వాళ్లమ్మ.

పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది. ముప్పై నాలుగేళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, ఆ తల్లికి అక్కడికక్కడే నాలుగు మాటలు చెప్పి పంపాను గానీ నాకు తృప్తి కలగలేదు. ఆమె అడిగిన ప్రశ్న చిన్నది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఈ కబుర్లు రాస్తున్నాను.

ముందు మాటల సంగతి. పుస్తకాల్లో దీన్ని ఒత్తిడి అంటారు. పిల్లలు టెన్షన్ అంటారు. మా ఊళ్లో పెద్దవాళ్లకు ఈ రెండు మాటలూ అక్కర్లేదు, వాళ్లకు వేరే రెండున్నాయి: బుగులు, రంది. చీకట్లో చెరుకు తోట కదిలితే పుట్టేది బుగులు. అప్పు తీరేదెట్లా అని నెలల తరబడి లోపల నలిగేది రంది. బుగులు గుండెల మీద దెబ్బ కొట్టి పోతుంది. రంది ఇంట్లో చేరిన చుట్టంలా తిష్ఠ వేస్తుంది. వందేళ్లకు పైగా ప్రయోగశాలల్లో తంటాలు పడి శాస్త్రవేత్తలు తేల్చిన తేడాను మన నాయనమ్మలు రెండు మాటల్లో పెట్టుకున్నారు. పిల్లల్ని పెంచే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. ఎందుకంటే బుగులుకు చేసే వైద్యం రందికి పనికిరాదు.

బుగులు ముచ్చట ముందు చూద్దాం. రాత్రిపూట మోటరు వేయడానికి పొలం పోయారు. చెరుకులో గరగరమని చప్పుడు. అడివిపంది! మీరు ఆలోచించేలోపే గుండె దడదడ కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, వెంట్రుకలు లేస్తాయి, అరచేతుల్లో చెమట పడుతుంది. ఇదంతా ఎవరు చేశారు? మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు. ఒక్కోటి అయిదారు గ్రాములకు మించదు. మెదడు లోపల అమిగ్దల అని బాదంగింజంత భాగం ఒకటుంది. మంచె మీద కావలి కూర్చున్న మనిషి అనుకోండి. అది కేక వేస్తే నరాల గుండా ఆ గ్రంథులకు కబురు పోతుంది. అవి అడ్రినలిన్ వదులుతాయి. కాలేయం దాచిపెట్టిన చక్కెరను నెత్తురులోకి కుమ్మరిస్తుంది. నెత్తురు చర్మం నుంచి, పేగుల నుంచి మళ్లి కాళ్ల కండల్లోకి పోతుంది. పరుగెత్తాలి లేదా కర్ర తీసుకుని నిలబడాలి. ఆ సమయంలో వేళ్లు వెచ్చగా ఉంటే ఏం, లేకుంటే ఏం? అన్నం అరిగితే ఏం, అరగకుంటే ఏం?

ఆ పిల్ల చెయ్యి చల్లబడ్డదీ, కడుపు తిప్పిందీ ఇందుకే.

కడుపు సంగతి ఎలా బయటపడిందో చెబుతాను. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలు కనిపెట్టాడు. మరుసటేడు అమెరికాలో హార్వర్డ్ వైద్యకళాశాలలో వాల్టర్ కానన్ అనే విద్యార్థి ఆ కిరణాలతో జంతువుల జీర్ణకోశం ఎలా కదులుతుందో చూడటం మొదలుపెట్టాడు. పిల్లికి ఎక్స్‌రేలో కనబడే పదార్థం కలిపిన తిండి పెట్టేవాడు. కడుపు అలలు అలలుగా కదలడం తెర మీద కనిపించేది. ఒక్కోసారి ఆ అలలు ఉన్నట్టుండి ఆగిపోయేవి. యంత్రం చెడిందా అంటే లేదు. పిల్లి బెదిరినప్పుడల్లా కడుపు ఆగుతోంది. నిమిరి నెమ్మది పరిస్తే, అది గురగుర లాడటం మొదలుపెడితే, మళ్లీ కదులుతోంది. తర్వాత ఏళ్ల తరబడి ఇదే పట్టుకుని, 1915లో ఆయన పుస్తకం రాశాడు. కలబడు లేదా పారిపో అని శరీరం తయారయ్యే పద్ధతిని లోకానికి చెప్పింది ఆయనే. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికన్నా నచ్చేది పిల్లిని నిమిరిన చెయ్యి. ఆ చేతి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు తల్లి ప్రశ్నకు జవాబు. చదివిన పిల్లకు బుగులెందుకు? మంచె మీది మనిషికి చదువు రాదు. అడివిపందికీ హాల్‌టికెట్టుకూ తేడా తెలియదు. ఇది మనకు ముఖ్యమైన సంగతి అని తెలిస్తే చాలు, కేక వేస్తాడు. కాబట్టి పరీక్ష ముందు చెయ్యి చల్లబడటం చదవనందుకు గుర్తు కాదు, ఆ పరీక్ష ఆ పిల్లకు ముఖ్యమని గుర్తు. "భయపడకు" అనడం వల్ల ఉపయోగం లేదు. "ఇది నీ ఒళ్లు నీకు సాయం చేయడానికి తయారవుతున్న పద్ధతి, కాసేపట్లో సర్దుకుంటుంది" అనాలి. అడ్రినలిన్ నెత్తురులో నిమిషాల్లో విరిగిపోతుంది. ప్రశ్నాపత్రం చేతికొచ్చి రెండు జవాబులు రాసేసరికి చేతులు వెచ్చబడతాయి.

ఇంకొకటి కూడా చెప్పాను ఆ పిల్లకు. ఊపిరి తీసుకునేటప్పుడు నాలుగు లెక్కపెట్టు, వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టు, అట్లా ఓ పది సార్లు. ఇందులో మంత్రమేమీ లేదు. మెదడు అడుగు నుంచి గుండెకూ కడుపుకూ పోయే పెద్ద నరం ఒకటుంది, వేగస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు దేశదిమ్మరి అని అర్థం. అంత దూరం తిరుగుతుంది మరి. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ నరం గుండెకు కళ్లెం వేస్తుంది. వదలడం పొడుగైతే కళ్లెం బిగువు ఎక్కువ. కావాలంటే ఇప్పుడే మణికట్టు నాడి పట్టుకుని చూడండి. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం తెలుస్తుంది. పిల్లల్లో ఇంకా బాగా తెలుస్తుంది.

బుగులుకు ఇంతే వైద్యం. దాన్ని పెద్దది చేయకుండా ఉండటమే పెద్ద సాయం. నిజానికి కొద్దిపాటి బుగులు మంచిదే. అది లేకుండా కబడ్డీ ఆడలేరు, వేదికెక్కి పాట పాడలేరు.

రంది వేరు. మూత్రపిండాల మీది ఆ గ్రంథులే ఇంకో రసం కూడా ఇస్తాయి, కార్టిసాల్. దీని పని నెమ్మది. కబురు మెదడు అడుగు నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి నెత్తురు దారిలో ఈ గ్రంథులకు చేరి, అది పూర్తిగా పెరగడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తగ్గడానికి గంట పైనే. ఇది చెడ్డది కాదు. రోజూ తెల్లవారి మనల్ని లేపి నిలబెట్టేది ఇదే. అర్ధరాత్రికి బాగా తగ్గిపోయి, పొద్దున లేచిన అరగంటకు ఎక్కువవుతుంది. చిక్కెక్కడంటే, రంది పెట్టుకున్నవాళ్లలో నల్లా కట్టేయనట్టు ఇది కారుతూనే ఉంటుంది. మెదడులో జ్ఞాపకాలు అల్లే భాగం ఒకటుంది, హిప్పోకాంపస్. 1968లో బ్రూస్ మెక్యూవెన్ అనే శాస్త్రవేత్త, ఎలుక మెదడులో ఈ రసాన్ని పట్టుకునే కణాలు సరిగ్గా ఆ భాగంలోనే గుంపుగా ఉన్నాయని కనుక్కున్నాడు. ఆ తర్వాత తెలిసిందేమంటే, రోజుల తరబడి వేధించిన ఎలుకల్లో ఆ భాగంలోని నరకణాల కొమ్మలు ముడుచుకుపోతాయి. వేధించడం ఆపితే మళ్లీ చిగురిస్తాయి. ఈ చివరి వాక్యం ఇంకోసారి చదవండి.

అంటే, చదువు కోసమని ఇంట్లో పొద్దస్తమానం పోరు పెడితే చదువు నిలవాల్సిన చోటునే మనం ఎండగడుతున్నామన్నమాట.

ఈ వయసు మెదడు సంగతి కొంచెం చెప్పాలి. జొన్న ఒత్తుగా మొలిస్తే ఏం చేస్తాం? పలచన చేస్తాం. ఉన్న మొక్కలకు బలం రావాలంటే కొన్నిటిని పీకాలి. ఈ వయసులో పిల్లల మెదడులో ఈ పలచన చేసే పని నడుస్తుంది. వాడుకలో ఉన్న నరాల ముడులు గట్టిపడతాయి, వాడనివి పోతాయి. ఈ పని మెదడు వెనకవైపు ముందు అయిపోతుంది. ముందువెనకలు చూసి, ఆవేశాన్ని ఆపి, నిర్ణయం చేసే నుదుటి వెనక భాగం దాకా వచ్చేసరికి ఇరవై ఏళ్లు దాటుతుంది. పాతికేళ్ల దాకా కూడా సాగుతుంది. మంచె మీది మనిషి గొంతు అప్పటికే పెద్దది, ఇంటి పెద్ద మాత్రం ఇంకా పగ్గాలు నేర్చుకుంటున్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు తలుపు దభాలున వేశాడంటే వాడికి పొగరని చెప్పలేం. ఆ పూటకు వాడికి ఇంటి పెద్ద అవసరం, బయటి నుంచి. అంటే మనం. మనం కూడా మంచె ఎక్కి అరిస్తే ఇక ఇంట్లో పెద్ద ఎవరూ లేనట్టే.

నిద్ర దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి కూర్చోబెడతారు, అప్పుడు చదివితే గుర్తుంటుందని. మనకు అది నిజమే కావచ్చు. రాత్రి తొమ్మిదికి పడుకున్నవాళ్లం. ఈ వయసులో మాత్రం నిద్ర తెచ్చే మెలటోనిన్ రసం రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అమెరికాలో మేరీ కార్స్కాడన్ అనే ఆమె దశాబ్దాల పాటు పిల్లల నిద్ర మీదే పనిచేసి ఈ సంగతి నిలబెట్టింది. పదకొండు దాకా నిద్ర రాకపోవడం సోమరితనం కాదు, వయసు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండుకు పడుకున్న పిల్లను నాలుగున్నరకు లేపితే దక్కింది అయిదున్నర గంటలు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించడం, నారు పీకి నీళ్లు పెట్టడం లాంటిది. ఈ విషయంలో నాది ఒకటే మాట: పరీక్షల నెలలో నిద్రను ముట్టుకోకండి. సెల్లు మాత్రం రాత్రి పదికి పెద్దల సెల్లుతో సహా పక్క గదిలో పెట్టేయండి.

ఇక మా ఇంటి ముచ్చట. నా మనవడు ఇంటర్ చదువుతూ హైదరాబాదులో హాస్టల్లో ఉన్నాడు. కోడలు రోజూ రాత్రి వాట్సాప్‌లో "తిన్నవా, మంచిగ చదువుకో" అని టైపు చేసేది. వాడు బొటనవేలు బొమ్మ పంపేవాడు. నెల రోజులు ఇదే. ఒకరోజు నేనన్నాను, "అమ్మా, రాయకు. ఫోన్ చెయ్. నీ గొంతు విననీ."

అలా ఎందుకన్నానో చెబుతాను. 2010లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్ బృందం ఏడు నుంచి పన్నెండేళ్ల అమ్మాయిలు 61 మందిని పిలిచింది. ముక్కూ మొహం తెలియని పెద్దల ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వమన్నారు, నోటి లెక్కలు చేయమన్నారు. అందరిలోనూ కార్టిసాల్ పెరిగింది. తర్వాత కొందరి దగ్గరికి తల్లి వచ్చి దగ్గరికి తీసుకుంది. కొందరికి తల్లి ఫోన్ చేసింది. మిగిలినవాళ్లకు మామూలు సినిమా చూపించారు. తల్లి ఒడిలో ఉన్న పిల్లల్లో రసం తగ్గింది, అది ఊహించిందే. ఫోన్‌లో గొంతు మాత్రమే విన్న పిల్లల్లోనూ దాదాపు అంతే తగ్గింది. ప్రేమతో ముడిపడ్డ ఆక్సిటోసిన్ అనే రసం ఈ రెండు గుంపుల్లోనూ పెరిగింది. రెండేళ్లకు అదే బృందం ఇంకో పరీక్ష పెట్టింది. ఈసారి కొందరికి తల్లి టైపు చేసిన సందేశాలు మాత్రమే అందాయి. వాళ్లలో కార్టిసాల్ తగ్గలేదు, తల్లితో అసలు మాట్లాడని పిల్లల్లో ఎంత ఉందో అంతే ఉంది. మాటలు చేరాయి, గొంతు చేరలేదు. కానన్ పిల్లిని నిమిరిన చెయ్యి మనుషుల దగ్గర గొంతులో ఉంటుంది.

గొంతు విలువ మా మండలానికి కొత్త కాదు. మా మాచ్‌నూర్‌లోనే 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు తమ మాటల్లోనే విత్తనాల గురించి, వంటల గురించి, పాటల గురించి చెబుతుంటే చుట్టుపక్కల ఊళ్లు వింటాయి. అందులో చెప్పే సంగతులు కాగితం మీద రాసి పంచినా చేరేవేమో. కానీ మన యాసలో, మన ఎరుక మనిషి గొంతులో వచ్చిన మాట చెవిలో పడితే కలిగే నెమ్మది కాగితంతో రాదు.

అయితే నిజం చెప్పాలి. ఆ 61 మందీ చిన్నపిల్లలు. పదిహేనేళ్ల వాళ్ల దగ్గర కథ కొంచెం మారుతుంది. మిన్నెసోటాలో మేగన్ గనర్ బృందం తొమ్మిది పదేళ్ల పిల్లల్నీ, పదిహేను పదహారేళ్ల పిల్లల్నీ పోల్చి చూసింది. ఉపన్యాసానికి తయారయ్యేటప్పుడు తల్లో తండ్రో పక్కన ఉంటే చిన్నవాళ్లలో కార్టిసాల్ తగ్గింది, పెద్దవాళ్లలో తగ్గలేదు. 2022లో స్టాన్‌ఫర్డ్‌లో డేనియల్ అబ్రామ్స్, వినోద్ మీనన్ వాళ్లు ఇంకా లోపలికి వెళ్లి మెదడునే చూశారు. పన్నెండేళ్ల లోపు పిల్లల మెదడు తల్లి గొంతుకే ఎక్కువ మురిసిపోతుంది. పదమూడు దాటాక పరాయి గొంతులకు ఎక్కువ స్పందిస్తుంది. మనం నాలుగుసార్లు పిలిస్తే పలకని పిల్లవాడు స్నేహితుడు ఒక్క ఈల వేస్తే లేస్తాడే, అదన్నమాట. తల్లి మీద ప్రేమ తగ్గి కాదు. రేపు ఊరు దాటి బతకాల్సిన వాడి చెవులు లోకం వైపు తిరుగుతున్నాయి. తల్లి గొంతును గుర్తుపట్టడం మాత్రం వాళ్లేమీ మరవలేదు, క్షణంలో గుర్తుపడుతున్నారు.

కాబట్టి పసితనంలో మన గొంతు దానంతట అదే మందు. ఈ వయసులో మందు కావాలంటే గొంతు మారాలి. నా అనుభవంలో ఎలా మారాలంటే, చదువు గురించి కాని మాటలు మోసుకురావాలి.

కోడలు ఫోన్ చేసింది. మొదటి నాలుగు రోజులు అటు నుంచి "ఆ", "ఊ" తప్ప ఏమీ లేదు. అయిదో రోజు ఆమె "బర్రె ఈనిందిరా" అన్నది. "ఏం దూడ? పెయ్యనా, దున్ననా?" అని వాడు అడిగాడు. తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఇంకో వారానికి అసలు సంగతి తనే చెప్పాడు. పరీక్షలో మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చారట. తన గదిలోని వాళ్లందరూ ఒక క్లాసులో, తను ఒక్కడే ఇంకో క్లాసులో. నెల రోజులుగా ఎవరికీ చెప్పలేదు. ఇదీ రంది. బొటనవేలు బొమ్మ వెనక దాక్కున్నది ఇదీ.

స్పీకర్ ఆన్ చేసి ఉంది. నా కొడుకు ముఖం ఎర్రబడింది. "ఇన్ని పైసలు కడ్తున్నం..." అనే మాట వాడి నాలుక చివర కనిపించింది నాకు. చెయ్యి పట్టుకుని నొక్కాను. వాడు గుటక మింగి, "గప్పుడు నీకెట్ల అనిపిచ్చింది బిడ్డా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న వెనక కూడా శాస్త్రం ఉంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మనుషుల్ని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కోపంగా భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించింది. ఆ ముఖంలో ఉన్నది ఏ భావమో పేరు పెట్టి చెప్పమన్నప్పుడు అమిగ్దల సందడి తగ్గి, నుదుటి వెనక ఒక భాగం పని అందుకుంది. పేరు పెట్టడమంటే మంచె మీది మనిషిని కిందికి పిలిచి కూర్చోబెట్టి, ఏం చూశావో చెప్పు అని అడగడం. అందుకే పిల్లలకు తమ లోపలి సంగతులకు పేర్లు ఉండాలి. మన భాషలో లేవా? బుగులు, రంది, గాబరా, గుబులు, పరేషాన్, చిన్నతనం, ఈసడింపు, బెంగ. అన్నిటికీ టెన్షన్ అనే ఒక్క మాట వాడితే ఏది ఏదో పిల్లకే తెలియదు. "టెన్షనా" అని అడగకుండా "బుగులా, రందా, లేక సిగ్గా" అని అడిగి చూడండి.

మనవడు "సిగ్గనిపిచ్చింది నాయినా" అన్నాడు. నా కొడుకు "అనిపిస్తది బిడ్డా" అన్నాడు. అంతే. ఆ రాత్రి ఇంకెవరూ ఏ సలహా చెప్పలేదు.

ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏమైంది" అంటే ఈ వయసువాళ్లు నోరు మెదపరు. పక్కపక్కన ఉండి చేతులు పనిలో ఉన్నప్పుడు మాటలు వస్తాయి. అల్లం శుభ్రం చేసేటప్పుడు, ఆలుగడ్డలు ఏరేటప్పుడు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని జహీరాబాద్ పోయేటప్పుడు. ముఖం కనబడదు, కళ్లు కలవవు, గాలి కొన్ని మాటలు ఎత్తుకుపోతుంది. వచ్చిన మాటకు "ఊ" కొట్టండి. బడిలో నాకు పిల్లలు చెప్పుకున్న పెద్ద పెద్ద సంగతులన్నీ ప్రయోగశాలలో గాజు పాత్రలు కడిగేటప్పుడు చెప్పినవే. తల్లిదండ్రులకు చెప్పకపోతే తాతకు చెప్పనివ్వండి, మేనమామకు చెప్పనివ్వండి, బడిలో నమ్మకమైన టీచరుకు చెప్పనివ్వండి. మాకు చెప్పలేదే అని కోపం తెచ్చుకోవద్దు.

ఫెయిల్ అనే మాట గురించి ఒక మనిషి కథ చెబుతాను, దానికి ముందు ఒక ప్రశ్న. చెరుకులో పంది కనబడితే కాళ్ల కండలకు పరుగుకు కావలసిన బలం ఎక్కడి నుంచి వస్తుంది? కణాల్లో చిల్లర పైసల్లా చెలామణి అయ్యే ఏటీపీ అనే అణువు నుంచి, దాన్ని వెంటనే నింపే ఫాస్ఫోక్రియాటిన్ నుంచి. ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో లోకానికి చూపినవాళ్లలో ఒకాయన మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్ వైద్యకళాశాలలోనే, వాల్టర్ కానన్ ఉన్న చోటే, ఆ పని చేశాడు. బుగులు శాస్త్రం సగం ఒకరిది, దాని ఇంధనం లెక్క ఇంకొకరిది అనుకోవచ్చు. ఆ తర్వాత ఆయన చేతి మీదుగా, ఆయన నడిపిన బృందం చేతి మీదుగా ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చాయి. ఆ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. చిన్నప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటానని ఇల్లు విడిచి బయలుదేరితే తల్లి వెనక్కి తెచ్చుకున్నదని చెబుతారు. ఆ రెండో ఫెయిల్ నాడు ఆ ఇంట్లో తలుపు మూసుకుపోయి ఉంటే ఎన్ని ప్రాణాలకు మందు లేకపోయేదో లెక్క కట్టలేం.

మా గుళ్లో ఇంకో సంగతి ఉంది. అబద్ధపు సాక్ష్యం చెప్పిందని మొగలిపువ్వును శివుడు శపించాడని, శివపూజకు అది పనికిరాదని పెద్దల కథ. కానీ మా ఝరాసంగంలో స్వామి పేరే కేతకీ సంగమేశ్వరుడు. కేతకి అంటే ఆ మొగలిపువ్వే. ఇక్కడ దాన్ని స్వామికి పెడతారు. హాల్‌టికెట్టు పట్టుకుని వచ్చిన ప్రతి తల్లికీ నేను ఈ పువ్వును చూపించి వస్తాను.

ఎందుకింత చెబుతున్నానంటే 2019 ఏప్రిల్ నాకు మరపు రావడం లేదు. ఆ నెల 18న మన తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మార్కుల లెక్కల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి. కానీ ఆ తప్పులు బయటపడి సర్దేలోపే రోజుల వ్యవధిలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి చావుకూ ఒక్కటే కారణం అని చెప్పడం తప్పు. ఏ పిల్ల లోపల ఎన్నాళ్ల రంది ఉందో ఎవరికి తెలుసు? కానీ మార్కుల కాగితం తప్పు కావచ్చనీ, రీవెరిఫికేషన్ ఉందనీ, కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ రాసి ఏడాది పోకుండా చూసుకోవచ్చనీ, ఆ గంటలో పక్కన కూర్చుని చెప్పే పెద్ద దిక్కు ప్రతి పిల్లకూ ఉండి తీరాలి.

కొన్ని గుర్తులు చెబుతాను. రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, తిండి నిద్ర తలకిందులవడం, ఇష్టమైన ఆటను పాటను వదిలేయడం, స్నేహితుల్ని దూరం పెట్టడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకుంటే మీకు మంచిగుండు" లాంటి మాట. ఇవి కనబడితే అది బుగులు కాదు, మామూలు రంది కూడా కాదు. అప్పుడు నేరుగా అడగండి: "బిడ్డా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది జంకుతారు. పుట్టదు, పరిశోధనలన్నీ అదే చెబుతున్నాయి. అడిగితే ఆ పిల్ల గుండె మీద బండ కొంచెం జరుగుతుంది. అవునన్నదా, ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే ఆ పూటే ఇల్లు దాటించండి, తాళం పెట్టండి. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. టెలీమానస్ అని 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, పిల్లల కోసం రంది పడే తల్లిదండ్రులూ చేయవచ్చు. ఈ నంబరు వంటింటి గోడ మీద పాలలెక్క పక్కన రాసి పెట్టుకోండి.

ఆఖరుకు ఒక్కటి అడుగుతాను, కాదనకండి. ఫలితాలు వచ్చే రోజు చెరుకు కోతలున్నా, బీదర్‌లో పెళ్లున్నా, కంపెనీలో షిఫ్టున్నా, తల్లో తండ్రో ఒక్కరు ఇంట్లో ఉండండి. సెల్లులో నంబరు కొట్టే ముందే ఇంత అన్నం కలిపి పిల్లకు పెట్టండి. మార్కులు ఏమొచ్చినా, ఆ రాత్రి ఆ పిల్ల పక్కనే మంచం వేసుకోండి.